ట్యాగు మీది మూడక్షరాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఊర్లు వేరు, విమానాలు వేరు, చిక్కు మాత్రం ఒకటే: రెండు సంస్థల దగ్గర విడివిడిగా కొన్న రెండు టికెట్లు, వాటి మధ్య నలిగే ఒక పెట్టె. అందుకే మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. కోడలి పురుడికి రమ్మని నాకు, మావారికి హైదరాబాదు నుంచి దుబాయ్ మీదుగా డల్లాస్‌కు టికెట్లు కొన్నాడు. గన్నవరం నుంచి హైదరాబాదుకు మాత్రం వేరే సంస్థ విమానంలో విడిగా తీసుకున్నాడు. మధ్యలో నాలుగున్నర గంటల వ్యవధి ఉంది. ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండేసి ఉన్నాయి. వాటిని గన్నవరంలో అప్పగిస్తే మళ్లీ డల్లాస్‌లోనే తీసుకోవచ్చని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా? నాకు మోకాళ్ల నొప్పులు, వీల్‌చైర్ లేనిదే నడవలేను.
– ఒక పాఠకురాలు, గుడివాడ

జవాబు: కాదనుకునే బయలుదేరండి. మీకు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పి ఉండరు. వాళ్లు గన్నవరం నుంచి అమెరికా దాకా ఒకే టికెట్ మీద వెళ్లి ఉంటారు. ఒకే బుకింగ్ నంబరు కింద ఉన్న ప్రయాణానికీ, రెండు నంబర్ల కింద ఉన్న ప్రయాణానికీ సామాను విషయంలో పోలికే లేదు. టికెట్ అంటే ఒక ఒప్పందం. గన్నవరంలో మీ పెట్టెలు తీసుకునే సంస్థ మీకు ఇచ్చిన మాట శంషాబాద్ వరకే. అక్కడి నుంచి మీరు దుబాయ్ వెళ్తున్నారో, బంధువుల ఇంటికి వెళ్తున్నారో దాని కంప్యూటరుకు తెలియదు.

ఒక సంస్థ తీసుకున్న పెట్టెను మరో సంస్థ విమానంలోకి ఎక్కించాలంటే ఆ రెండింటి మధ్య ఇంటర్‌లైన్ ఒప్పందం ఉండాలి. ఒప్పందం ఉన్నంత మాత్రాన విడి టికెట్లకు అది వర్తిస్తుందనీ చెప్పలేం. పూర్వం కొన్ని సంస్థలు ఉదారంగా ఉండేవి. రెండో టికెట్ కాగితం చూపిస్తే చివరి ఊరి దాకా ట్యాగు వేసి ఇచ్చేవి. 2016లో వన్‌వరల్డ్ అనే విమాన సంస్థల కూటమి, విడి టికెట్లున్నా సామానును చివరి వరకు ట్యాగు చేయాలని తన సభ్య సంస్థలకు పెట్టిన నియమాన్ని ఎత్తివేసింది. ఆ తర్వాత ఈ సౌకర్యం ఆయా సంస్థల ఇష్టానికి మిగిలింది. వాళ్ల భయం అర్థం కానిదేమీ కాదు: మొదటి విమానం ఆలస్యమై మీరు రెండోది అందుకోలేకపోతే మీ పెట్టె ఒక చోట, మీరు ఒక చోట మిగులుతారు, దాన్ని వెతికి పంపే ఖర్చు ట్యాగు వేసినవాడి నెత్తిన పడుతుంది.

పెట్టె ఎక్కడి దాకా వెళ్తుందో ఎవరి మాటనుబట్టీ తేల్చుకోకండి, ట్యాగును చదవండి. హ్యాండిల్ చుట్టూ అంటించే ఆ పొడవాటి కాగితం మీద అన్నిటికంటే పెద్దగా కనిపించే మూడు ఇంగ్లిషు అక్షరాలు పెట్టె దిగబోయే చివరి విమానాశ్రయానివి. హైదరాబాదుకు హెచ్‌వైడీ, దుబాయ్‌కి డీఎక్స్‌బీ, డల్లాస్‌కు డీఎఫ్‌డబ్ల్యూ. మధ్యలో విమానం మారేట్లయితే ఆ విమానాశ్రయం కోడ్, విమానం నంబరు కొంచెం చిన్న అక్షరాల్లో ఉంటాయి. బార్‌కోడ్ పక్కన పది అంకెల సంఖ్య ఉంటుంది. అందులో రెండు, మూడు, నాలుగు స్థానాల్లో ఉన్న అంకెలు ట్యాగు వేసిన సంస్థ గుర్తు. 098 ఉంటే ఎయిర్ ఇండియా, 176 ఉంటే ఎమిరేట్స్. అదే సంఖ్య ఉన్న చిన్న ముక్కను చింపి మీ బోర్డింగ్ పాసు వెనక అంటిస్తారు. నేను కౌంటరు వెనక కూర్చున్న రోజుల్లో ఒక పెద్దాయన ఆ ముక్కను చూపుడు వేలితో కూడబలుక్కుని చదివి, "అమ్మాయీ, మేం వెళ్లేది చికాగోకి, ఇందులో దుబాయ్ అనే ఉంది" అన్నాడు. నా వేలు కీబోర్డు మీద జారిన సంగతి అప్పటికి నాకే తెలియదు. నా తర్వాత ఆ పెట్టెను చూసేవి యంత్రాలే. అవి ట్యాగు చెప్పినట్లే చేస్తాయి.

గన్నవరంలో మీ ట్యాగు మీద హెచ్‌వైడీ అనే ఉంటుంది. ఇక బరువు సంగతి. అమెరికా టికెట్ మీద మీ ఇద్దరికీ కలిపి 92 కిలోలు చెల్లుతాయి. దేశీయ విమానాల్లో సాధారణ తరగతికి మనిషికి 15 కిలోలే ఉచితం. ఇద్దరికీ కలిపి 30. మిగిలిన 62 కిలోలకు కిలోకు వందల రూపాయల చొప్పున కట్టాలి. అంతర్జాతీయ టికెట్ చూపిస్తే కొంత మినహాయించే సంస్థలు ఉండవచ్చు గానీ, ఆ మాట ముందుగా ఈమెయిల్‌లో రాయించుకుంటే తప్ప కౌంటరు దగ్గర పనికిరాదు. అదనపు బరువును ముందే ఆన్‌లైన్‌లో కొంటే కౌంటరు రేటు కంటే తక్కువకు వస్తుంది.

శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలు రెండూ ఒకే టెర్మినల్ నుంచి నడవడం మీ అదృష్టం. ఢిల్లీలోనో ముంబైలోనో అయితే ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు రోడ్డెక్కి వెళ్లవలసి రావచ్చు. ఇక్కడైతే బెల్టు దగ్గర నాలుగు పెట్టెలూ దించుకుని, ట్రాలీల మీద పెట్టుకుని, బయటికి వచ్చి, డిపార్చర్స్ వైపు వెళ్లి, గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవానుకు డల్లాస్ టికెట్, పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్లాలి. గన్నవరం బోర్డింగ్ పాసుతో మళ్లీ లోపలికి రానివ్వరు కాబట్టి రెండో టికెట్‌ను కాగితం మీద ముద్రించుకుని చేతిసంచిలో ఉంచుకోండి. సరిగ్గా ఆ గేటు దగ్గరే ఫోనులో ఛార్జింగ్ అయిపోవడం చాలాసార్లు చూశాను. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా విమానానికి మూడు నాలుగు గంటల ముందు తెరుస్తారు, గంట ముందు మూసేస్తారు. మీ నాలుగున్నర గంటలు కాగితం మీద సరిపోతాయి.

వీల్‌చైర్ గురించి మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ఒక టికెట్ మీద అడిగిన వీల్‌చైర్ రెండో టికెట్‌కు రాదు. గన్నవరం విమానం తాలూకు సహాయకుడు మిమ్మల్ని శంషాబాద్‌లో బయటి గుమ్మం దాకా దింపి వెళ్లిపోతాడు. అక్కడి నుంచి డిపార్చర్స్‌లోని కౌంటరు దాకా మీరు, మీవారు, నాలుగు పెట్టెలు. కాబట్టి రెండు సంస్థల దగ్గరా విడివిడిగా వీల్‌చైర్ నమోదు చేయించి, ఆ మధ్య దూరానికి విమానాశ్రయంలో డబ్బు కడితే దొరికే సహాయకుడినో, హైదరాబాదులో ఉండే మీ బంధువునో ఏర్పాటు చేసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పెట్టెలది కాదు. గన్నవరం విమానం పొగమంచు వల్లో మరే కారణం వల్లో మూడు గంటలు ఆలస్యమైతే దుబాయ్ విమానం మీ కోసం ఆగదు. ఆ సంస్థ దృష్టిలో మీరు రాలేదంతే. అలా రాని ప్రయాణికుల టికెట్‌లో మిగిలిన భాగాలను, తిరుగు ప్రయాణంతో సహా, రద్దు చేసే నిబంధన చాలా సంస్థలకు ఉంది. మొదటి సంస్థ తన టికెట్ డబ్బు గురించి మాట్లాడుతుందే తప్ప రెండో దాని గురించి మాట్లాడదు.

నన్నడిగితే, విజయవాడ నుంచి శంషాబాద్‌కు ఉన్న సుమారు 270 కిలోమీటర్లూ కారులో వెళ్లమంటాను. ఇంటి గుమ్మంలో ఎక్కించిన పెట్టెలు డిపార్చర్స్ గేటు ముందే దిగుతాయి, బరువు అడిగేవాడు ఉండడు, మోకాళ్లకు విశ్రాంతి కావాలంటే సూర్యాపేట దగ్గర ఆగవచ్చు. గన్నవరం విమానానికి పెట్టే అదనపు సామాను రుసుముతో పోలిస్తే కారు బాడుగ ఏమంత ఎక్కువ కాదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో కాన్సాస్ సిటీలో ఉంటుంది. హైదరాబాదు నుంచి అబుదాబి మీదుగా చికాగో వరకు ఒక టికెట్, చికాగో నుంచి కాన్సాస్ సిటీకి అక్కడి సంస్థలో మరో టికెట్. చికాగోలో పెట్టెలు తీసుకుని అక్కడే బయట ఉండే బెల్టు మీద పడేస్తే చాలని విన్నాను.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఆ బెల్టు నిజమే, కానీ అది మీలాంటివారి కోసం కాదు. అమెరికాలో మొదట దిగిన చోటే ప్రయాణికులు తమ సామాను తీసుకుని కస్టమ్స్ దాటాలన్నది సాధారణ నియమం. ఒకే టికెట్ మీద వచ్చినవారి ట్యాగు మీద చివరి ఊరి పేరే ఉంటుంది కాబట్టి వాళ్లు కస్టమ్స్ దాటగానే ఆ బెల్టు మీద పెట్టి చేతులు దులుపుకుంటారు. మీ ట్యాగు మీద ఉండేది ఓఆర్‌డీ, అంటే చికాగో ఓహేర్. ఆ పెట్టెను ఆ బెల్టు మీద పెడితే ఎక్కడికి పంపాలో వాళ్లకు తెలియదు. మీరు పెట్టెలతో సహా రెండో సంస్థ టెర్మినల్‌కు వెళ్లి కొత్తగా చెక్-ఇన్ చేసుకుని, కొత్త ట్యాగులు వేయించుకుని, మళ్లీ భద్రతా తనిఖీ దాటాలి. ఓహేర్‌లో టెర్మినళ్ల మధ్య తిరిగే చిన్న రైలు ఉంది, పెట్టెలతో ఎక్కవచ్చు.

అబుదాబి మీదుగా వెళ్లడంలో ఒక విశేషం ఉంది. 2014 నుంచి అక్కడే అమెరికా అధికారుల ఇమిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు జరుగుతున్నాయి. ఆ తనిఖీ పూర్తిచేసుకుని ఎక్కినవారు చికాగోలో దేశీయ ప్రయాణికుల్లా దిగుతారు. బారులు తీరి నిలబడే పని ఉండదు. అంతమాత్రాన ట్యాగు మారదు. చికాగోలో బెల్టు దగ్గర మీ పెట్టెల కోసం మీరే నిలబడాలి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. అమెరికాకు వచ్చిపోయే ఒకే టికెట్ ప్రయాణానికి మొదటి సంస్థ సామాను నిబంధనలే చివరిదాకా వర్తించాలని అక్కడి రవాణా శాఖ నియమం. అందుకే ఒకే టికెట్ అయితే లోపలి విమానంలోనూ రెండేసి పెట్టెలు ఉచితంగా వెళ్తాయి. విడి టికెట్‌కు ఆ రక్షణ లేదు; అక్కడి చాలా సంస్థలు మొదటి పెట్టెకే సుమారు 40 డాలర్లు, రెండో దానికి ఇంకాస్త ఎక్కువ తీసుకుంటాయి. టికెట్ ధరలో మిగిలిందనుకున్నది ఇక్కడ పోతుంది.

మీరు అడగకపోయినా ఇంకో మాట. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లవచ్చు, తనిఖీలో తిండి ఉందని చెప్పాలంతే. మటన్ పచ్చడి, చికెన్ పచ్చడి అంటూ వరుసగా సర్దకండి. మాంసంతో చేసినవాటిని అక్కడ తీసి పారేస్తారు, చెప్పకుండా దాచితే జరిమానా పడుతుంది.

ప్రశ్న: మా చెల్లి కువైట్ నుంచి వస్తోంది. కువైట్–హైదరాబాద్ ఒక టికెట్, హైదరాబాద్–రాజమండ్రి వేరే సంస్థలో ఇంకో టికెట్. మధ్యలో మూడు గంటలే ఉంది. తను పెద్దగా చదువుకోలేదు, కంగారుపడుతుందేమో.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: విదేశం నుంచి వచ్చినవారు దేశంలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ పూర్తి చేసుకోవాలి. విడి టికెట్ కాబట్టి పెట్టె కూడా హైదరాబాదులోనే తీసుకోవాలి. ఇమిగ్రేషన్, బెల్టు, కస్టమ్స్, బయటికి రావడం, మళ్లీ గేటులోకి వెళ్లడం. ఇందులో ఏ ఒక్క చోట అరగంట పోయినా మూడు గంటలు ఇరుకే. గల్ఫ్ విమానాల్లో 30 కిలోలకు పైగా ఇచ్చిన సామాను ఇక్కడి విమానంలో 15 దాటితే డబ్బు అడుగుతారు; నెలల తరబడి ఇళ్లలో పనిచేసి కూడబెట్టుకొచ్చిన దుప్పట్లకు, పిల్లల బొమ్మలకు ఆ రుసుము కట్టేటప్పుడు కౌంటరు దగ్గర కన్నీళ్లు పెట్టుకున్నవారిని చూశాను. తొందర లేకపోతే రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రమ్మనండి. స్లీపరు టికెట్ మీద 40 కిలోల దాకా ఉచితంగా తెచ్చుకోవచ్చు. విమానమే ఖాయమైతే రెండు టికెట్లూ ముద్రించి పంపండి, రెండో దాని మీద తెలుగులో పెద్దగా "పెట్టె తీసుకుని బయటికి వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లాలి" అని రాయండి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో చదువుకు వెళ్తున్నాను. హైదరాబాదు–కౌలాలంపూర్ ఒక సంస్థలో, కౌలాలంపూర్–మెల్‌బోర్న్ చవక ధరల సంస్థలో కొన్నాను. కౌలాలంపూర్‌లో నేను విమానాశ్రయం దాటి బయటికి వెళ్లనవసరం లేదు కదా, వీసా ఎందుకు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: మీకు బయటికి వెళ్లనవసరం లేకపోవచ్చు, మీ పెట్టెకు ఉంది. అది కౌలాలంపూర్ బెల్టు మీదికి వస్తుంది. ఆ బెల్టు ఇమిగ్రేషన్ దాటిన తర్వాతే ఉంటుంది. కాబట్టి సామాను తీసుకోవాలంటే మీరు మలేషియాలోకి అడుగుపెట్టాల్సిందే. భారతీయులకు ఆ దేశం 2023 డిసెంబరు 1 నుంచి 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది. మీ ప్రయాణ తేదీకి ఆ సడలింపు అమల్లో ఉందో లేదో చూసుకోండి. దాంతోపాటు డిజిటల్ అరైవల్ కార్డును రాకకు ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. అక్కడ రెండు టెర్మినళ్లు ఉన్నాయి, చవక ధరల సంస్థలు ఎక్కువగా రెండో దాని నుంచి నడుస్తాయి. మధ్య రైలు ప్రయాణం కొద్ది నిమిషాలే గానీ పెట్టెతో ఎక్కి దిగే సమయం కలుపుకోవాలి.

ఇదే ఏర్పాటు లండన్ మీదుగా చేసుకుని ఉంటే కథ వేరు. బ్రిటన్‌లో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారడానికి ఒక రకం అనుమతి, దాటి సామాను తీసుకోవడానికి మరో రకం వీసా అవసరమవుతాయి. కొన్ని దేశాల వీసాలున్నవారికి మినహాయింపులు ఉన్నాయి. సరైన వీసా లేదని తేలితే హైదరాబాదు కౌంటరు దగ్గరే బోర్డింగ్ పాసు ఇవ్వరు. విడి టికెట్లు కొనేముందు ధర కంటే ముందు చూడవలసింది మధ్యలో ఆగే దేశం వీసా నిబంధన.

ప్రశ్న: నేను హైదరాబాదు నుంచి లండన్ ఒక సంస్థలో, లండన్ నుంచి మాంచెస్టర్ వేరే సంస్థలో విడి టికెట్ల మీద వెళ్లాను. లండన్‌లో పెట్టె రాలేదు. రెండో విమానానికి టైం అయిపోతోందని పరుగెత్తి, మాంచెస్టర్‌లో ఫిర్యాదు చేయబోతే తమకు సంబంధం లేదన్నారు. ఎనిమిది రోజులైంది. నష్టపరిహారం ఎవరిని అడగాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు (ప్రస్తుతం మాంచెస్టర్)

జవాబు: మాంచెస్టర్ వాళ్లు చెప్పింది నిజం. వాళ్లు మీ పెట్టెను చూడనే లేదు. లండన్ వరకు తీసుకొచ్చిన సంస్థే బాధ్యురాలు, ఫిర్యాదు అక్కడ బెల్టు హాలు దాటకముందే ఇవ్వవలసింది. పెట్టె రానప్పుడు రెండో విమానం తప్పినా సరే అక్కడి సామాను డెస్కు దగ్గర నివేదిక రాయించి, నంబరు తీసుకోవాలి. విమానాశ్రయం కోడ్ మూడక్షరాలు, సంస్థ కోడ్ రెండక్షరాలు, ఐదు అంకెలు. పది గుర్తుల ఆ నంబరు ఉంటే ప్రపంచంలో ఎక్కడి నుంచైనా పెట్టె జాడ వెతకవచ్చు. పెట్టెను మాంచెస్టర్ చిరునామాకు పంపమని అప్పుడే రాయించుకోవచ్చు కూడా.

అయినా మీ దారి మూసుకుపోలేదు. 1999 నాటి మాంట్రియల్ ఒడంబడిక మీ ప్రయాణానికి వర్తిస్తుంది. భారత్ అందులో 2009లో చేరింది. దాని ప్రకారం పెట్టె దెబ్బతింటే అందిన 7 రోజుల లోపల, ఆలస్యంగా వస్తే చేతికి అందిన 21 రోజుల లోపల రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్లే భావించి పరిహారం అడగవచ్చు. దావా వేయడానికి గడువు రెండేళ్లు. పరిహారానికి గరిష్ఠ పరిమితి 2024 డిసెంబరు 28 నుంచి ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. అది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే యూనిట్, మొత్తం సుమారు 2 వేల డాలర్లు అవుతుంది. అది పరిమితే తప్ప అడగ్గానే చేతిలో పెట్టే మొత్తం కాదు. పెట్టెలో ఏమున్నాయో, వాటి విలువ ఎంతో, ఈ ఎనిమిది రోజుల్లో మీరు కొనుక్కున్న బట్టలకు, సబ్బుకు రసీదులేమిటో చూపించాలి.

ఒకే టికెట్ అయి ఉంటే మీ పని తేలికయ్యేది. ఒకే ప్రయాణంగా ఒప్పుకున్న సంస్థల్లో మొదటిదాన్నీ, చివరిదాన్నీ, పెట్టె పోగొట్టినదాన్నీ ఎవరినైనా అడిగే హక్కును ఆ ఒడంబడికే ఇస్తుంది. విడి టికెట్లు కావడంతో మీకు మిగిలింది ఒక్క సంస్థ. దానికి ఈరోజే ఈమెయిల్ రాయండి. విమానం నంబరు, తేదీ, పెట్టె రంగు, లోపలి వస్తువులు, ప్రస్తుత చిరునామా, పది అంకెల ట్యాగు సంఖ్య అన్నీ ఉండాలి. వాళ్లు మొదట అడిగేది ఆ ట్యాగు సంఖ్యే. హైదరాబాదు బోర్డింగ్ పాసును పారేయలేదు కదా? దాని వెనక అంటించిన ముక్క ఇంకా ఉందేమో చూడండి, ఉంటే ముందుగా ఫోటో తీసి పెట్టుకోండి.